ఏడాది చదువుకు ప్రణాళిక: నల్లగొండ, పాలమూరు పాఠకుల కోసం సమగ్ర మార్గదర్శి

ఏడాదికి ఇన్ని పుస్తకాలు చదవాలని ఒక సంఖ్య రాసుకోవడం తేలిక, దాన్ని నిలుపుకోవడమే కష్టం. జనవరి ఒకటిన 50 అని రాసుకున్నవారు సంక్రాంతి సెలవుల్లో రెండు మూడు ముగిస్తారు. మాఘమాసం పెళ్లిళ్లు, చెరువుగట్టు జాతర, మార్చిలో పిల్లల పరీక్షలు ఒకదాని వెంట ఒకటి రాగానే వెనకబడతారు. ఉగాది నాటికి ఆ కాగితం ఎక్కడ పెట్టారో కూడా గుర్తుండదు. ఇందుకు బద్ధకాన్ని నిందించి ప్రయోజనం లేదు, ఎందుకంటే లెక్కే తలకిందులుగా మొదలైంది. పుస్తకాల సంఖ్య చివరికి తేలవలసిన విషయం. దానికి ముందు తేల్చుకోవలసినవి రెండు ఉన్నాయి: చదవడానికి మన చేతిలో నిజంగా ఉన్న సమయం ఎంత, ఈ ఏడాది మనం తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి. ఇవి తేలితే సంఖ్య దానంతట అదే వస్తుంది, పుస్తకాల ఎంపిక కూడా సగం పూర్తవుతుంది.

మొదట మీ వేగం తెలుసుకోండి

ఒక వారం పాటు రోజూ అరగంట చదవండి. మొదట నవల గానీ కథలు గానీ, తర్వాత చరిత్ర లేదా ఆత్మకథ, ఆ తర్వాత గ్రాంథికంలో ఉన్న పాత పుస్తకం ఏదైనా తీసుకోండి. ఎప్పటి వేగంతోనే చదవాలి, కొలుస్తున్నాం కదా అని పరుగెత్తకూడదు. ప్రతిసారీ ఎన్ని పేజీలు అయ్యాయో రాసుకోండి. నవల అరగంటలో 15 పేజీలు నడిచే వ్యక్తికి చరిత్ర గ్రంథం 8 లేదా 9 దగ్గర ఆగవచ్చు, గ్రాంథికం 5 పేజీలు దాటకపోవచ్చు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే 400 పేజీల చరిత్రను 400 పేజీల నవలతో సమానంగా లెక్కగట్టి, జూన్ వచ్చేసరికి జాబితా మొత్తాన్ని పక్కన పడేస్తాం. ఫోను వేరే గదిలో ఉంచి ఒక రోజు, పక్కనే పెట్టుకొని ఒక రోజు కొలిచి చూడటం కూడా మంచిది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన కనిపించాక ఫోను ఎక్కడ ఉండాలో ఇంకెవరూ చెప్పనవసరం లేదు.

ఏడాదిలో చదివే రోజులు ఎన్ని

చెరువులో నీళ్లు చూసుకొని ఎన్ని ఎకరాలు నాటు వేయాలో నిర్ణయించుకునే రైతులాగా, ముందు చేతిలో ఉన్న రోజులు చూసుకోవాలి. క్యాలెండరు ముందు పెట్టుకొని చదువు సాగని రోజులను నిర్మొహమాటంగా కొట్టివేయండి. బతుకమ్మ మొదలైన నాటి నుంచి దసరా దాకా ఆడబిడ్డల రాకపోకలతో ఇల్లు నిండి ఉంటుంది. పత్తి వేసిన ఇళ్లలో ఏరే కాలమంతా సాయంత్రానికి కళ్లు మూతలు పడతాయి. వరి ఉన్నవారికి వానాకాలం నాట్లు, కోతలు, ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర కాపలా, మళ్లీ యాసంగి పనులు ఉంటాయి. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర, సూర్యాపేట వైపు రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర ఉంటాయి. ఉపాధ్యాయులకు పరీక్షల విధులు, మూల్యాంకనం ఉంటాయి. ఇవన్నీ తీసేశాక చాలామందికి 250 రోజులకు అటూ ఇటూ మిగులుతాయి.

ఇప్పుడు లెక్క వేయండి. రోజుకు అరగంట, సగటున 12 పేజీల చొప్పున 250 రోజులకు 3,000 పేజీలు అవుతాయి. పుస్తకం సగటున 200 పేజీలు అనుకుంటే 15 పుస్తకాలు. జ్వరాలు, ప్రయాణాలు, మనసు నిలవని రోజుల కోసం అందులో నాలుగో వంతు తగ్గించుకుంటే 11 లేదా 12 మిగులుతాయి. నెలకు ఒకటి అన్న మాట. ఈ సంఖ్య చిన్నదిగా అనిపించవచ్చు, కానీ ఏళ్ల తరబడి ఒక్క పుస్తకమూ ముగించని ఇంటికి 12 పుస్తకాలు గొప్ప మార్పు. సమయం గంటకు పెరిగినప్పుడు సంఖ్య కూడా రెట్టింపు చేసుకోవచ్చు.

నల్లగొండ నుంచి గానీ మహబూబ్‌నగర్ నుంచి గానీ హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్లు. ఈ దారిలో రోజూ ఉద్యోగానికి తిరిగేవారు చాలామంది ఉన్నారు. ప్రయాణ సమయాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు గానీ, బస్సు కుదుపుల్లో చిన్న అచ్చు చదివితే తల తిరుగుతుంది కాబట్టి రైలులో ఒక పుస్తకం, బస్సులో ఊరికే కూర్చోవడం అన్న పద్ధతి మేలు. ప్రయాణానికి కథలే తగినవి. ఎక్కడ ఆగినా నష్టం ఉండదు.

ఏడాదిని ఎప్పుడు మొదలుపెట్టాలన్న దానిపై కూడా నాకు ఒక అభిప్రాయం ఉంది. ఉద్యోగులకు జనవరి బాగానే ఉంటుంది. వ్యవసాయం చేసే ఇళ్లకు, బడి పిల్లలున్న ఇళ్లకు ఉగాది నుంచి ఉగాదికి లెక్క పెట్టుకోవడమే సరైనది. పరీక్షలు అయిపోయి, యాసంగి కోతలు ముగింపుకొచ్చి, మృగశిర కార్తె దాకా కాస్త ఊపిరి పీల్చుకునే ఎండాకాలంలో మొదటి మూడు నాలుగు పుస్తకాలు పూర్తవుతాయి. ఆ పట్టు చిక్కితే వానాకాలపు పనుల్లో కాస్త ఆగినా తెగిపోదు.

ఏడాదికి ఒక ప్రశ్న పెట్టుకోండి

ఈ మార్గదర్శిలో నేను అన్నిటికంటే ముఖ్యమని నమ్మేది ఇదే. దొరికిన పుస్తకం దొరికినట్టు చదివితే పన్నెండు పుస్తకాలు పన్నెండు దిక్కులకు పోతాయి, ఏడాది చివర మనసులో నిలిచేది తక్కువ. ఒక ప్రశ్న చుట్టూ నాలుగైదు పుస్తకాలు చదివితే ఒకదాని మాట మరొకదానిలో బలపడుతుంది, కొన్నిచోట్ల ఖండన అవుతుంది, అప్పుడు మనకంటూ ఒక అభిప్రాయం ఏర్పడుతుంది.

ప్రశ్న మరీ పెద్దదై ఉండకూడదు. ‘తెలంగాణ చరిత్ర తెలుసుకోవాలి’ అన్నది ప్రశ్న కాదు, కోరిక మాత్రమే. ‘మా తాతల కాలంలో వెట్టి ఎట్లా నడిచింది, దాన్ని ఎదిరించినవాళ్లు ఎవరు’ అన్నది ప్రశ్న. ‘పాలమూరు నుంచి జనం ఇంతగా వలస ఎందుకు పోయారు’, ‘మన జిల్లాల్లో నిజాం కాలంలో తెలుగు చదువు ఎట్లా బతికింది’, ‘తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపురం గుళ్లకు శ్రీశైలం ప్రాజెక్టు కాలంలో ఏం జరిగింది’ అన్నవి కూడా ప్రశ్నలే. సాహిత్యం వద్దనుకునేవారు ‘మా భూమిలో నీళ్లు ఎందుకు ఇంకడం లేదు’, ‘నల్లగొండ పల్లెల్లో ఫ్లోరోసిస్ ఎందుకు వచ్చింది’ అని మొదలుపెట్టవచ్చు. ప్రశ్న సొంత ఊరికి దగ్గరగా ఉంటే చదివేటప్పుడు అడుగడుగునా తెలిసిన పేరో, తెలిసిన ఇలాకానో తగులుతుంది. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి సరిచూసుకునే వీలుంటుంది.

వెట్టి గురించిన ప్రశ్ననే తీసుకొని జాబితా ఎట్లా అల్లుకోవచ్చో చూపిస్తాను. నకిరేకల్ ప్రాంతం నుంచి వచ్చి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను చేత పట్టుకొని తిరుగుతూ అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి రాసిన నవల ‘ప్రజల మనిషి’తో మొదలుపెట్టవచ్చు. నవల కనుక వేగంగా సాగుతుంది, దొర గడీ, వెట్టి, గ్రంథాలయాల తొలి అడుగులు అన్నీ మనుషుల రూపంలో కనిపిస్తాయి. తర్వాత సూర్యాపేట ప్రాంతపు మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’. దాని పక్కనే సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల నోటినుంచే సేకరించి స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. ఈ రెండింటినీ వెంట వెంట చదివితే నాయకురాలి జ్ఞాపకం ఎట్లా ఉంటుందో, పోరాటం ముగిశాక ఇంటికి తిరిగి వెళ్లమని చెప్పించుకున్న మామూలు స్త్రీల జ్ఞాపకం ఎట్లా ఉంటుందో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆపైన బొల్లేపల్లికి చెందిన పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిశాక కూడా సాయుధ పోరాటం కొనసాగించాలా వద్దా అన్నచోట ఆయన వద్దన్న పక్షాన నిలిచారు; పోరాట విరమణ 1951 అక్టోబరులో గానీ జరగలేదు. ఒకే ఉద్యమంలో ఉన్నవారు ఒకే నిర్ణయాన్ని ఇంత భిన్నంగా చూడటం మన కళ్లతో మనం చదివినప్పుడు, సభల్లో వినిపించే ఏకపక్ష మాటలను తూచి చూసుకునే శక్తి వస్తుంది.

పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీ యువకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన జిల్లా గ్రంథాలయాల బల్లలు ఎక్కువగా మీతోనే నిండి ఉంటాయి, వేరే పుస్తకం ముట్టుకోవడమే నేరమన్నట్టు మీరు భయపడుతుంటారు. గ్రూప్స్ సిలబస్‌లో తెలంగాణ సామాజిక, సాంస్కృతిక చరిత్ర, ఉద్యమ చరిత్ర ఉన్నాయి కాబట్టి పై ప్రశ్న మీకు రెండు విధాలా పనికివస్తుంది. రాత్రి పడుకునే ముందు పది పేజీలు చాలు. బిట్లుగా కంఠస్థం చేసిన పేర్లు ఆ పేజీల్లో మనుషులై కనిపిస్తే మరచిపోవడం కష్టం.

పన్నెండింటిని ఎట్లా పంచుకోవాలి

పన్నెండు పుస్తకాల లెక్కకు నా సలహా ఇది: ప్రశ్నకు ఐదు, కేవలం ఆనందం కోసం మూడు, కష్టమైనది లేదా పాతది ఒకటి, కవిత్వం ఒకటి, మిగిలిన రెండు ఖాళీ. ఖాళీగా వదిలిన ఆ రెండు చోట్లను నింపాలన్న తొందర వద్దు. ఏడాది మధ్యలో స్నేహితుడు చేతిలో పెట్టిన పుస్తకానికో, చదువుతున్న పుస్తకమే చూపించిన మరో పుస్తకానికో అవి అవసరమవుతాయి.

కష్టమైనది అన్న చోట సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను పెట్టుకోమని ఇక్కడి పాఠకులకు గట్టిగా చెబుతాను. గద్వాల ప్రాంతంలో పుట్టి, 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించి, తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చిన మనిషి ఆయన. ఈ గ్రంథం 1949లో వచ్చింది, 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దీనికే దక్కింది. రాజుల యుద్ధాలను పక్కనబెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నది కావ్యాల నుంచి ఏరి చెప్పిన పుస్తకం. మొదటి నుంచి చివరకు ఒక్క ఊపున చదవాలని పట్టుబట్టవద్దు. కాకతీయుల కాలపు ప్రకరణంతో మొదలుపెట్టి, నెలకు ఒక ప్రకరణం చొప్పున ఏడాది పొడవునా పక్కన నడిపించండి. అందులో ‘క్రీడాభిరామం’, ‘పండితారాధ్య చరిత్ర’ వంటి పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. వాటిని నోటుబుక్కులో రాసి ఉంచుకుంటే వచ్చే ఏడాది పాత సాహిత్యపు జాబితా సిద్ధమైనట్టే. ఇంకా పాతదే కావాలనుకునేవారికి మన నాగర్‌కర్నూలు వైపు వర్ధమానపురాన్ని ఏలిన గోన వంశపు బుద్ధారెడ్డి పేరుతో ఉన్న ‘రంగనాథ రామాయణం’ ఉంది. రెండేసి పాదాలుగా సాగే ద్విపద కాబట్టి పైకి చదివితే అర్థం త్వరగా అందుతుంది.

కవిత్వాన్ని పేజీల లెక్కలో వేయకూడదు. రోజుకు ఒక కవిత, అదీ గొంతెత్తి చదవడం పద్ధతి. 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’ వంటి సంపుటిని కళ్లతో మాత్రమే చదివితే సగమే అందుతుంది. ఇంట్లో అక్షరం రాని పెద్దవాళ్లుంటే వాళ్ల ఎదుట చదవండి. మీకు తెలియని పలుకుబడికి అర్థం వాళ్లే చెబుతారు.

ఆనందం కోసం పెట్టుకునే మూడింటి విషయంలో ఎవరి సలహా అక్కర్లేదు. డిటెక్టివ్ నవలైనా, బాల సాహిత్యమైనా సరే, వాటిని చిన్నచూపు చూడవద్దు. చదివే అలవాటును ఏడాది పొడవునా బతికించేవి అవే.

పుస్తకం చేతికి వచ్చినప్పుడు

అట్ట వెనక రాసిన పొగడ్త చూసి కొనకండి. ముందు ముద్రణ వివరాల పేజీ తెరవండి. మొదటి ముద్రణ ఏ సంవత్సరం, మీ చేతిలో ఉన్నది ఎన్నో ముద్రణ, అనువాదమైతే ఏ భాష నుంచి చేశారు అన్నవి అక్కడే తెలుస్తాయి. అనువాదకుల పేరు లేని అనువాదాన్ని పక్కన పెట్టడమే మంచిది. తర్వాత విషయ సూచిక చూసి మీ ప్రశ్నకు సంబంధించిన ప్రకరణం ఏదైనా ఉందేమో వెతకండి. ఆ పైన మధ్యలో, 80వ పేజీ దగ్గరో 100వ పేజీ దగ్గరో తెరిచి రెండు పేజీలు నిలబడి చదవండి. మొదటి పేజీని ప్రతి రచయితా జాగ్రత్తగానే రాస్తాడు. పుస్తకం అసలు నడక మధ్యలో తెలుస్తుంది. అచ్చు మరీ చిన్నగా, వరసలు దగ్గరదగ్గరగా ఉంటే నలభై దాటినవారు ఆ పుస్తకాన్ని పగటిపూట చదివే జాబితాలోకి మార్చుకోవాలి. ఇది చిన్న విషయంలా కనిపించినా రాత్రిపూట సగంలో ఆగిపోయిన పుస్తకాలకు ఎక్కువగా ఇదే కారణం.

ఎక్కడ తెచ్చుకోవాలి

అన్నీ కొనాలనుకుంటే బడ్జెట్ మొదటి మూడు నెలల్లోనే అయిపోతుంది. గ్రంథాలయంతో మొదలుపెట్టండి. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది, అంటే ఆ అల్మారాల్లో మన డబ్బు ఉంది. జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనో, మీ మండలంలో శాఖా గ్రంథాలయం ఉంటే అక్కడో కొద్దిపాటి డిపాజిట్ కట్టి సభ్యులైతే పుస్తకాలు ఇంటికి ఇస్తారు. శాఖలకు వేళలు, సెలవులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి ముందుగా కనుక్కోండి. మీ జాబితా మొత్తాన్ని ఒక కాగితం మీద రాసి గ్రంథపాలకులకు ఇవ్వండి. ఉన్నవి ఏ అల్మారాలో ఉన్నాయో వాళ్లు చూపిస్తారు, లేనివాటిని తెప్పించమని రాతపూర్వకంగా అడగండి. ఎవరూ అడగని పుస్తకాలు గ్రంథాలయానికి రావు. నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం 1918లోనే వెలసింది. తెలుగులో సభ పెట్టుకోవడానికే అనుమతి కావలసిన రోజుల్లో నడిచిన ఉద్యమం అది. ఆ వారసత్వం ఉన్న ఊళ్లలో గ్రంథాలయం కేవలం గైడ్ల గదిగా మిగిలిపోవడం బాధాకరం, దాన్ని మార్చే మొదటి అడుగు మామూలు పాఠకులు మళ్లీ కార్డు తీసుకోవడమే.

రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు గడిస్తే మన చట్టం ప్రకారం కాపీహక్కు తీరిపోతుంది. 1953లో కన్నుమూసిన ప్రతాపరెడ్డి రచనలు 2014 నుంచి అందరివీ అయ్యాయి. ఇటువంటి పాత పుస్తకాల స్కాన్లు వికీసోర్సులో, ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితంగా దొరుకుతాయి. ఫోను తెర మీద వందల పేజీలు చదవడం కంటికి శ్రమ కాబట్టి కావలసిన ప్రకరణం వరకు జెరాక్స్ సెంటరులో అచ్చు తీయించుకోవచ్చు. కాపీహక్కు ఉన్న పుస్తకాల పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో వచ్చినా తీసుకోవద్దు. తెలుగు రచయితకు దక్కేదే తక్కువ, అదీ దక్కకుండా చేయడం న్యాయం కాదు.

కొనేవాటికి నెలకు 300 రూపాయలు పక్కన పెట్టినా ఏడాదికి 3,600 అవుతాయి. మళ్లీ మళ్లీ తీసి చూసే పుస్తకాలను, కవిత్వాన్ని, పిల్లల పుస్తకాలను కొనండి. ఒక్కసారి చదివి పెట్టేవాటిని గ్రంథాలయం నుంచి తెచ్చుకోండి. హైదరాబాదు పని మీద వెళ్లినప్పుడు, అది ఆదివారమైతే, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వరసలు చూడటం మరవకండి.

నోటుబుక్కు

వంద పేజీల మామూలు నోటుబుక్కు చాలు. ప్రతి పుస్తకానికి ఒక పేజీ కేటాయించి పైన పేరు, మొదలుపెట్టిన తేదీ, మొత్తం పేజీలు రాయండి. కింద రోజువారీ పేజీ సంఖ్య మాత్రమే చాలు. పుస్తకం ముగిశాక మూడు వాక్యాలు రాయాలి: నా ప్రశ్నకు ఇది ఏమి చెప్పింది, ఎక్కడ నేను ఒప్పుకోలేదు, దీనివల్ల తెలిసిన కొత్త పుస్తకం ఏది. కంఠీరవం ప్రధాన పాత్ర అయిన ‘ప్రజల మనిషి’కి ఒక పాఠకురాలు ఇట్లా రాసుకోవచ్చు: ‘ఊళ్లో మార్పు తెచ్చేది కంఠీరవం ఒక్కడే అన్నట్టు అనిపించింది, ఆడవాళ్ల మాట తక్కువగా వినిపించింది, తర్వాత స్వరాజ్యం ఆత్మకథ చదవాలి.’ ఈ మూడో వాక్యమే తర్వాతి పుస్తకాన్ని ఎంచి పెడుతుంది.

వదిలేయడం, సరిచూసుకోవడం

యాభై పేజీలు చదివినా లోపలికి పోలేకపోతే ఆ పుస్తకాన్ని వదిలేయవచ్చు. అయితే ఎందుకు వదిలేశామో ఒక్క మాట రాయాలి: భాష కష్టమా, విషయం పట్టలేదా, వేళ సరైనది కాదా. భాష కష్టమైతే పైకి చదివి చూడాలి, వేళ సరైనది కాకపోతే ఎండాకాలానికి వాయిదా వేయాలి, విషయమే పట్టకపోతే గ్రంథాలయానికి తిరిగి ఇచ్చేయాలి. ప్రశ్నకు సంబంధించిన ఐదింటికి మాత్రం ఈ వెసులుబాటు వంద పేజీల దాకా వద్దు.

ఆరు నెలలకు ఒకసారి, అంటే ఉగాదికి మొదలుపెట్టినవారు దసరా అయ్యాక, పేజీలు కూడి చూసుకోండి. అనుకున్న దానిలో సగానికంటే తగ్గితే సంఖ్యను తగ్గించండి, ప్రశ్నను మాత్రం మార్చవద్దు. ఐదింటికి బదులు మూడే చదివినా ఒకే విషయం మీద మూడు చదివినట్టు ఉంటుంది. అదే సమయంలో ఖాళీ చోట్లకు ఏ పుస్తకాలు వచ్చాయో చూసుకొని, దొరకనివాటి జాబితా విడిగా రాసుకోండి. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కాబట్టి గ్రంథపాలకులతో మాట్లాడటానికి అది అనువైన వారం. అక్కడ కూడా దొరకనివి ఉంటే, ఏటా చలికాలంలో జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు ఆ జాబితాతో వెళ్లి, ముందు అవి కొని, జాబితాలో లేనివాటికి రెండు పుస్తకాల హద్దు పెట్టుకోండి.